ఏడో ఎక్కం

ఎనిమిదేళ్ల నా కూతురికి ఎక్కాలు రావని తెలిసిన రోజు నేను అన్నం సరిగా తినలేదు. సరిగా అంటే, పెరుగు రెండోసారి వేసుకోలేదు. మా ఆవిడ ఆ సంగతి గమనించనైనా గమనించలేదు. మీరే చెప్పండి, ఇది ఇల్లా?

తెలిసిన చోటు కూడా ఎలాంటిదనుకున్నారు? నర్సయ్య డెయిరీ. డెయిరీ అంటే గేదెలనుకునేరు. న్యూజిలాండులో వీధి చివరి కిరాణా కొట్టును డెయిరీ అంటారు. మా బోటనీ డౌన్స్‌లో పెద్ద షాపింగ్ సెంటర్ ఉన్నా నేను నర్సయ్య కొట్టుకే వెళ్తాను. అతనిది మా కరీంనగర్. కరివేపాకు నాకోసం దాచిపెడతాడు. దాంతోపాటు నాలుగు ఎత్తిపొడుపు మాటలు కూడా దాచిపెడతాడు.

ఆ రోజు నర్సయ్య కౌంటర్ దగ్గర నిలబడ్డ తన కొడుకు హర్షవర్ధన్ వీపు తట్టి, "పదిహేడో ఎక్కం చెప్పు బిడ్డా" అన్నాడు. వాడు ఊపిరి పీల్చకుండా చెప్పేశాడు. ఏదో విమానం మా నెత్తిమీంచి పోయినట్టయింది.

"మీ రుచితను గూడ ఒకటి అడుగుదాం దామోదరన్నా. పెద్దది వద్దు, చిన్నదే. సెవెన్ ఎయిట్స్ ఎంత బిడ్డా?"

నా కూతురు తల గోక్కుంది. "ఐ కెన్ డ్రా ఇట్" అంది.

గీస్తుందట! ఎక్కం అడిగితే బొమ్మ గీస్తుందట! నర్సయ్య ఇచ్చిన రసీదు కాగితం వెనక వరసలు వరసలుగా చుక్కలు పెట్టి, లెక్కపెట్టి, చివరికి యాభై ఆరని సరిగ్గానే చెప్పింది. ఈలోగా మా వెనకున్న ముసలావిడ రొట్టె కొనుక్కుని, చిల్లర తీసుకుని, వెళ్లిపోయింది కూడా. నర్సయ్య మా అమ్మాయి చేతిలో జాలిగా ఒక లాలీపాప్ పెట్టాడు.

ఇంటికి రాగానే పంచాయితీ పెట్టాను.

"వేదా, మన పిల్లకు ఎక్కాలు రావు."

"తెల్సు."

"తెల్సి ఊకున్నవా?"

"ఊకోలే. గుణకారం అంటే ఏందో దానికి మంచిగ తెల్సు. ఇగ నోటికి గూడ రావాలె, నేను కాదంటలేను. వస్తది. జర టైం పడ్తది."

"టైం పడ్తదా! నాకెంత టైం పట్టిందో తెల్సా? మా సారు బెత్తం పైకి లేచి కిందికి దిగేంత టైం."

"అందుకే మీకు బెత్తం గుర్తున్నది. సరే, పదమూడు ఏడులెంత చెప్పుండ్రి."

"పదమూడొకట్ల పదమూడు, పదమూడు రెళ్లు ఇరవై ఆరు, పదమూడు మూళ్లు..."

"నేనడిగింది పదమూడు ఏడులు."

"వస్తున్న! నడుమల అడ్డం రాకు!"

ఆమె నవ్వింది. నవ్వే మాట నేనేమన్నానో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.

అసలు ఆమె ఇలా తయారవడానికి ఒక కారణం ఉంది. పక్క పేట బడిలో ఆమె టీచర్ ఎయిడ్, అంటే టీచరుకు సాయంగా ఉండే ఉద్యోగం. ఆ బడివాళ్లు ఆమెను ఒక శిక్షణకు పంపారు. పిల్లల మెదడు ఎలా నేర్చుకుంటుంది, దాన్ని బట్టి పాఠం ఎలా చెప్పాలి అన్నది అక్కడ విషయం. అప్పటినుంచి మా ఇంట్లో ఉప్పు అడిగితే న్యూరాన్లు అందుతున్నాయి. వేదవతి అని మా మామగారు శాస్త్రోక్తంగా పెట్టిన పేరును నేను మెదడువతి అని మార్చుకున్నాను. మనసులోనే. పైకి అనకపోవడానికి కారణం, నా మెదడు కూడా పనిచేస్తూ ఉండటమే.

"చూడుండ్రి," అంది మెదడువతి, చపాతీ పీట చూపించి. "పిల్ల బుర్రల ఇసొంటి చిన్న పీట ఒకటుంటది. కొత్త సంగతులన్నీ ముందుగాల దాని మీదనే పెట్టాలె. ఒకటో రెండో పడ్తయి. మీరు దాని మీద లెక్క పెట్టి, పైన రాని మాటలు పెట్టి, ఆ పైన మీ అరుపు పెడ్తే ఏమైతది?"

"ఏమైతది?"

"అన్నీ కింద పడ్తయి. భయపడ్డ పిల్లకు వచ్చింది గూడ గుర్తుకు రాదు."

నాకు ఒళ్లు మండింది. మా సారు ఏ పీటా చూడలేదు. తలకాయ కనిపిస్తే చాలు, లోపల ఏముందని ఎప్పుడూ అడగలేదు. అయినా మేమందరం పైకి రాలేదా? నేను కంప్యూటర్ ఇంజనీరును కాలేదా? కూడికలు కంప్యూటరే చేస్తుందనుకోండి, అది వేరే విషయం.

వాదించి లాభం లేదని, రహస్యంగా పని మొదలుపెట్టాను. వేదవతి పొద్దున్నే వెళ్లిపోతుంది. రుచితను బడి దగ్గర దింపి ఆఫీసుకు వెళ్లేది నేను. బోటనీ రోడ్డు మీద ఆ వేళప్పుడు కార్లు కదలవు. పిల్ల వెనక సీట్లో బెల్టు పెట్టుకుని ఉంటుంది, పారిపోదు. ఇంతకన్నా మంచి బడి ప్రపంచంలో ఎక్కడుంది?

పూర్వం ఆ దారంతా అది కబుర్లు చెప్పేది. ఎవరి పిల్లి ఎక్కడ ఈనింది, టిఫిన్ డబ్బాలో ఎవరు ఏం తెచ్చారు, డైనోసార్లకు జలుబు చేస్తుందా. రోజు మొత్తంలో మా ఇద్దరికీ మిగిలిన కాసేపు అదే. ఆ కాసేపూ ఎక్కాలకు ధారపోశాను. ఇది త్యాగం కాదా?

తెలుగులోనే చెప్పాను. ఎక్కాలకు ఆ రాగం ఉండాలి. రెండొకట్ల రెండు, రెండు రెళ్లు నాలుగు. మా ఇంట్లో పిల్లకు తెలుగు అర్థమవుతుంది గాని, దానితో అంకెలు మాత్రం మేమిద్దరం ఇంగ్లీషులోనే అంటాం. ఫర్వాలేదనుకున్నాను. అర్థంతో పనేముంది? రుచిత ముద్దుముద్దుగా పాడింది. ప్రతి ఎక్కం చివరా రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకునేది. విద్య మీద ఎంత భక్తి అని మురిసిపోయాను. అది దేవుడి శ్లోకమనుకుంటోందని నాకు తోచలేదు.

అలా ఆరు దాకా బండి సాఫీగా నడిచింది. చిక్కంతా ఏడు దగ్గర వచ్చింది.

"ఊ, ఏడు!" అన్నాను అద్దంలో చూస్తూ.

అది బిక్కమొహం వేసింది.

"ఏడు అంటున్న గద! గట్టిగ!"

పెదవి వణికింది.

"సిగ్గెందుకు? నాతోని అను. ఏడు! ఏడు!"

ఏడ్చింది. వెక్కి వెక్కి ఏడ్చింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నేను ఏడు అనడం, అది బావురుమనడం. ఏడో ఎక్కం కష్టమైనదే, నేనూ ఒప్పుకుంటాను, కానీ మొదటి మాటకే ఇంత ఏడుపా? ఈ దేశపు నీళ్లే అంత అనుకున్నాను. గొంతు ఇంకాస్త పెంచాను.

వారం తిరిగేసరికి అది ఒక సాయంత్రం నా దగ్గరకు వచ్చి నిలబడింది. "డాడీ, కెన్ ఐ గో విత్ ద వాకింగ్ బస్?"

వాకింగ్ బస్ అంటే చక్రాలున్న బస్సు కాదు. పసుపు కోటు వేసుకున్న ఒక అమ్మ ముందు, ఒక నాన్న వెనక, మధ్యలో పిల్లలు బారుగా బడికి నడిచిపోవడం. హీటరున్న కారును వదిలేసి చలిలో, చినుకుల్లో నడుస్తానంటోంది నా బిడ్డ.

"నా కార్ల ఏమైంది?"

"నథింగ్" అంది, నేల చూస్తూ.

మర్నాడు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆ బారు నా కారు ముందునుంచే దాటింది. నా కూతురు పక్కపిల్ల చెయ్యి పట్టుకుని గొంతెత్తి ఏదో కథ చెబుతోంది. మధ్యలో పకపకా నవ్వింది. ఆ కథ నా వెనక సీట్లో కూర్చుని నాకు చెప్పాల్సింది కదా. అద్దంలోకి చూశాను. వెనక సీటు ఖాళీగా ఉంది. నాకు చాలా కష్టంగా అనిపించింది. కష్టం కలిగితే నాకు కోపం వస్తుంది. ముందున్న కారువాడు ఏ పాపమూ ఎరగడు, అతని మీద హారన్ కొట్టాను.

ఆ వారంలోనే బడినుంచి పిలుపు. తల్లిదండ్రులిద్దరూ రావాలట.

"చూసినవా," అన్నాను వేదవతితో. "ఎక్కాలు రావని వాళ్లకు గూడ తెలిసిపోయింది. ఇయ్యాల ఆ హెండర్సనమ్మను కడిగేస్త."

మిస్ హెండర్సన్ చిన్న మనిషి, చల్లని గొంతు. మమ్మల్ని పిల్లల కుర్చీల్లో కూర్చోబెట్టింది. మోకాళ్లు చెవుల దాకా వచ్చిన మనిషి ఎవరినైనా ఎలా కడుగుతాడు? రుచిత మా ఇద్దరి మధ్య నిలబడింది. ఆవిడ ఇంగ్లీషులో అన్నదాన్ని నేను మీకు తెలుగులో చెబుతున్నాను.

"ఈ మధ్య రుచిత పొద్దున్నే ఉబ్బిన కళ్లతో వచ్చేది. మొదటి గంట ఏం చెప్పినా తలకెక్కేది కాదు. బెదిరి వచ్చిన పిల్ల మెదడు పాఠానికి తలుపు తియ్యదు. ఎందుకని అడిగాను. కారులో మీరు ఏడవమంటారని చెప్పింది."

"ఎవరు? నేనా?"

"గట్టిగా ఏడవమంటారట. ఏడ్చాక, ఇంకా గట్టిగా అంటారట."

నాకు నెత్తురు మరిగింది. తెలుగువాడిని, గౌరవంగా పన్ను కట్టేవాడిని, కూతురికి కారులో హీటరు వేసేవాడిని, ఇంత మాటంటారా! "ఎప్పుడన్నానే నేను? ఏమన్న?" అని రుచిత వైపు తిరిగాను.

అది తల్లి వెనక్కి జరిగి, చిన్న గొంతుతో అంది: "ఏడు."

నా పక్క చిన్న కుర్చీ కిర్రుకిర్రుమనడం మొదలుపెట్టింది. వేదవతి చున్నీ నోట్లో కుక్కుకుని ఊగిపోతోంది.

"మేడమ్!" అన్నాను. "ఏడు అంటే సెవెన్! అంకె!"

"మరి ఏడవమని చెప్పాలంటే ఏమంటారు?"

"ఏడు అనే అంటాం."

"రెండింటికీ ఒకటే మాటా?"

"మా భాష పొదుపైనది మేడమ్."

తప్పు నాదెలా అవుతుంది? అల్లరి చేసినప్పుడల్లా దాంతో "ఏడు, ఇంకింత ఏడు" అనేది వాళ్లమ్మ. పిల్లకు తెలిసిన ఏడు అదొక్కటే. ఆ మాట నేను చెప్పబోయాను గాని, రుచిత నా వైపు చూసింది. ముఖంలో కోపం లేదు, ఉత్త ఆశ్చర్యం.

"దెన్ వై డిడ్న్ట్ యూ జస్ట్ సే సెవెన్, డాడీ?"

నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆ చిన్న బల్ల మీదున్న రంగు పెన్సిళ్లు సర్దాను.

ఇంటికొచ్చాక మెల్లగా అడిగాను. "రేపటిసంది నా కార్ల వస్తవా? ఎక్కాలుండయి. ఒట్టు."

"నో థ్యాంక్యూ, డాడీ" అంది. ఆ థ్యాంక్యూ ఉంది చూశారూ, తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

అది పడుకోవడానికి వెళ్లాక వేదవతి ముందు కూలబడ్డాను. "నీ మెదడు శాస్త్రంల దీనికేమన్న మందు ఉన్నదా?"

"ఉన్నది. మీరు సారు పని మానుండ్రి. దాన్ని మీకు టీచర్‌ను చెయ్యుండ్రి."

"నాకా? అది నాకేం నేర్పుతది?"

"బడిల మావోరీ అంకెలు నేర్చుకున్నది. మీ ఆఫీసుల అందరికీ వస్తయి, మీకే రావు. నేర్పమని అడుగుండ్రి. అట్ల అడిగితే కార్లకు వస్తది."

నాకు నవ్వొచ్చింది. మావోరీ ఈ దేశపు మూలవాసుల భాష. దాంట్లో పది అంకెలు! ఇరవయ్యో ఎక్కం దాకా కంఠస్థం చేసిన తలకాయకు పది అంకెలొక లెక్కా? అడిగాను. రుచిత చాలాసేపు ఆలోచించి, నన్ను పైనుంచి కిందికి చూసి, సరేనంది.

మర్నాడు వెనక సీటు నిండింది. "టాహి, రువా, టోరు, ఫా, రిమ, ఒనో, ఫిటు, వారు, ఇవా, టెకౌ" అని చెప్పింది. రెండు సిగ్నళ్లు దాటేలోగా రాగం కట్టి అప్పజెప్పేశాను. గర్వంగా అద్దంలోకి చూశాను.

"గుడ్. నౌ వాట్స్ వారు?"

"టాహి, రువా, టోరు..."

"నో సింగింగ్, డాడీ. జస్ట్ వారు."

ఇదేం అన్యాయం? వరసలో అడిగితే చెప్పనా? వారు అంటే ఎనిమిదట. మన ఇళ్లలో వారు అంటే మొగుడు. మా ఇంట్లో ఆ మర్యాద ఎప్పుడూ జరగలేదు కనుక ఆ మాట నాకు అలవాటు లేదు. ఆరును ఒనో అంటారట. అదొక్కటి మాత్రం బాగా గుర్తుండిపోయింది, ఆ పాఠమంతా నా నోట్లోంచి "ఓ నో" అనే కదా వస్తోంది.

కొన్నాళ్లకు అంకెలు పట్టుబడ్డాయి. అప్పుడు అసలు పరీక్ష పెట్టింది.

"ఫిటు టైమ్స్ వారు?"

మీరు అనుభవించలేదు కాబట్టి తేలిగ్గా ఉంటుంది. ఫిటు అంటే ఏడని తెలుగులోకి తెచ్చుకోవాలి. వారు అంటే ఎనిమిదని తెచ్చుకోవాలి. ఏడొకట్ల ఏడు దగ్గర మొదలెట్టి ఏడెనిమిదుల దాకా లోలోపల పాడుకోవాలి. వచ్చిన యాభై ఆరును మళ్లీ మావోరీలోకి మార్చాలి. ఈలోగా సిగ్నల్ పచ్చబడింది, వెనక లారీవాడు హారన్ కొట్టాడు, ఫిటు ఏదో మర్చిపోయాను. చెమట పట్టింది.

"ఆగు! ఒక్క నిమిషం ఆగు! వస్తున్నది! ఏమైంది నా బుర్రకు, దరిద్రపు బుర్ర!"

వెనకనుంచి చిన్న చెయ్యి వచ్చి నా భుజం తట్టింది.

"ఇట్స్ ఓకే, డాడీ. డోంట్ షౌట్ ఎట్ యువర్ బ్రెయిన్."

నేను బండి పక్కకు తీసి ఆపాను. కంట్లో నలుసు పడింది. ఈ ఆక్లండ్ గాలి మీకు తెలియనిది కాదు.

ఆ పిల్ల టీచరు కాదు, పగబట్టిన మనిషి. నిన్న తప్పింది ఇవాళ అడుగుతుంది. మధ్యలో పిల్లి సంగతి, డైనోసార్ల సంగతి మాట్లాడి, నేను హాయిగా నవ్వుతుండగా రౌండబౌట్ మధ్యలో "ఫిటు టైమ్స్ ఫా?" అంటుంది. రాకపోతే చుక్కలు గీసుకోమంటుంది. స్టీరింగ్ పట్టుకుని చుక్కలెలా గీస్తాను? ఊహించుకోమంటుంది. ఆఫీసు లిఫ్టులో పెదాలు కదుపుకుంటూ నిలబడితే పక్కనున్న ఒకావిడ, మీ కష్టాలు తీరాలని నేనూ ప్రార్థిస్తానంది.

చివరికి ఒక పొద్దున, అది అడగడమే తరువాయి, పాట లేకుండా, వరస లేకుండా నా నోట్లోంచి ఊడిపడింది. "రిమ టెకౌ మా ఒనో! యాభై ఆరు!"

"యెస్!" అని వెనక సీటు చప్పట్లు కొట్టింది. ఆ ఊపులోనే నాకు తట్టింది. నా జవాబు తప్పో ఒప్పో అది ఒక్కసారైనా వెతుక్కోలేదు. ఎటునుంచి అడిగినా, ఎంత తలకిందులుగా అడిగినా, సమాధానం దాని దగ్గర సిద్ధంగా ఉంటోంది.

సాయంత్రం వంటింట్లోకి దూసుకుపోయాను.

"వేదా! దానికి ఏడో ఎక్కం వచ్చేసింది!"

"ఎనిమిదోది గూడ వచ్చింది. మీకు తప్పు పట్టాలంటే దానికి ఒప్పు తెల్వాలె కద. రోజూ మీకోసం ముందుగాల ఎక్కం చూసుకుని పోతుండె."

"అంటే నాకు నేర్పుడు నాటకమా? నేను దాని పలకనా?"

"పలక కన్న నయమే. మాట్లాడ్తరు."

మోసం! ఒక తండ్రిని, ఒక ఇంటి యజమానిని, నిలువునా వాడుకున్నారు! ఈ శాస్త్రం ఎవరు కనిపెట్టారో వాళ్ల మీద ఫిర్యాదు చెయ్యాలనుకున్నాను. అంతలో హాల్లోకి వెళ్లిన వేదవతి గొంతు వినపడింది. "రుచీ, డాడీకి అంకెలు వచ్చినయి గద. రేపు వాకింగ్ బస్సుకు పోతవా?"

"నో, మమ్మీ. హీ స్టిల్ కాంట్ డూ నైన్స్."

మనిషన్నాక అభిమానం ఉంటుంది. తొమ్మిదో ఎక్కం నాకు రాదా! ఇవా అంటే తొమ్మిదని, దాని ఎక్కం మొత్తం మావోరీలో నేను రెండు రోజుల కిందే లిఫ్టులో బట్టీపట్టి, తలకిందులుగా కూడా చూసుకున్నాను. రేపు దాని ముందు గడగడా చెప్పి నోరు మూయిస్తాననుకున్నాను.

మర్నాడు చినుకులు పడుతున్నాయి. కారు గల్లీ దాటగానే అడిగింది. "రెడీ, డాడీ? ఇవా టైమ్స్ టోరు?"

ఇరవై ఏడు. రువా టెకౌ మా ఫిటు. నాలుక చివర ఉంది. పక్కన వాకింగ్ బస్ పోతోంది, పసుపు కోట్లు తడుస్తున్నాయి. అద్దంలో నా కూతురు ముందుకు వంగి, నా జవాబు కోసం చూస్తోంది.

"ఇరవై... ఎనిమిదా?" అన్నాను.

అది కాసేపు అద్దంలోంచి నన్నే చూసింది.

"మమ్మీ సెడ్ యూ వుడ్ డూ దిస్" అంది. తర్వాత సీట్లో సర్దుకుని కూర్చుని, తొమ్మిదో ఎక్కం నాకు మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.